దగ్గు లేని గొంతు

"అరవై రెండు."

మిషన్ మీద పడిన అంకెను గట్టిగానే చదివాను. పక్క గదిలో తలుపేసుకొని కూర్చున్న అత్తమ్మ కొడుకుగారికి వినపడాలని. వినపడే ఉంటుంది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

అత్తమ్మ వేలు ఇంకా నా చేతిలోనే ఉంది. సూది గుచ్చినప్పుడు కూడా ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నిన్న పొద్దున షుగర్ గోలీ వేసుకుంది. ఆ తర్వాత మెతుకు ముట్టలేదు. ఇరవై నాలుగు గంటలుగా ఒట్టి మంచినీళ్ళ మీద ఉంది మనిషి. నేను ఇబ్రహీంపట్నంలోనే ఒక ప్రైవేటు దవాఖాన ల్యాబులో పని చేస్తాను. రోజుకు నలభై మంది రక్తం చూస్తాను. అరవై రెండంటే ఏమిటో, అది యాభైకి దిగితే ఏమవుతుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

"అత్తమ్మా, రెండు చెంచాలు చక్కెర నీళ్ళు తాగు. నీ కాళ్ళు మొక్కుత."

"వద్దు బిడ్డా."

"దవాఖానకన్న పోదాం పా. ఆటో పిలుస్త."

"ఇద్దత్‌ల ఉన్న. గడప దాట."

భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదన్నది మా కట్టుబాటు. ప్రాణం మీదికి వస్తే దాటొచ్చని మౌల్వీ సాబే ఫోన్లో చెప్పాడు. ఈమె వింటేగా!

"మరి ఏం గావాలె నీకు? అదన్న చెప్పు."

ఆమె కుడిచెయ్యి దిండు కిందికి పోయింది. అక్కడ ఫోన్ ఉంది. మరుక్షణం గది నిండా మా మామయ్య గొంతు.

"ఏమయ్యా పట్నమోళ్ళూ, మంచిగున్నరా? మన పిల్లలు ఆదిభట్లకు అద్దాల బస్సులెక్కి పోతున్నరని మస్తు సంబురపడితిమి. సోమవారం సంది గా బస్సు మన అడ్డ మీద ఆగుతలేదట. గా అద్దాలల్లకెల్లి మనం కనవడుతున్నమా లేదా? గదన్న ఎవరన్న అడిగిండ్రా?"

అత్తమ్మ కళ్ళు మూసుకొని వింటోంది. మొహంలో ఎక్కడా బెరుకు లేదు.

నూరుద్దీన్ మామయ్య చనిపోయి ఆ రోజుకు డెబ్బై ఒక్క రోజులు.

*

"తలుపు తియ్యి యాంకర్ సాబ్."

"రికార్డింగ్ నడుస్తుంది నౌరీన్. ఐదు నిమిషాలు."

"మీ అమ్మకు ఐదు నిమిషాలు ఉన్నయో లేవో కనుక్కొని చెప్తవా?"

తలుపు తెరుచుకుంది. కిటికీకి బొంత కట్టి, గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి ఆ గదికి స్టూడియో అని పేరు పెట్టుకున్నాడు మా ఆయన ముఖీమ్. "పట్నం ముచ్చట" అని ఆరేళ్ళుగా యూట్యూబ్‌లో వార్తల మీద వ్యాఖ్యానం చెప్తున్నాడు. మంచాల మండలం నుంచి ఆదిభట్ల దాకా ఎక్కడ మోరీ పొంగినా, ఏ నాయకుడు కండువా మార్చినా సాయంత్రానికల్లా ముఖీమ్ నోట్లో పడాల్సిందే. ఒప్పుకోవాలి, మనిషి మాటకారి. ఆ మాటలన్నీ వాళ్ళ నాయన దగ్గర ఏరుకున్నవే.

మామయ్య చాయ్ హోటల్లో కూర్చొని పేపర్ చదివి తీర్పులు చెప్పేవాడు. ప్రపంచంలో ఆయన తిట్టని సర్కారు లేదు. జనం ఆయన మాటకు చెవి ఒగ్గడానికి ఇంకో కారణం కూడా ఉంది. యాచారం దిక్కున మా సొంతూళ్ళో పీర్ల పండుగకు పెద్ద పీరును ఎత్తేది ఆయనే. పీరు ఒంటి మీదికి వచ్చాక ఆయన నోట ఏ మాట వస్తే ఆ మాటకు ఊరంతా తల వంచేది. అందులో హిందువని, ముస్లిమని, కిరస్తానీ అని తేడా ఉండేది కాదు.

ఆయన పోయిన ఇరవయ్యో రోజున ముఖీమ్ ఒక యాప్ పట్టుకొచ్చాడు. తండ్రి వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజులన్నీ దానికి తినిపించాడు. ఇక ఈయన ఏది రాస్తే అది మామయ్య గొంతుతో చదువుతుంది. "బాపు మాట" అని రోజూ పొద్దున రెండు నిమిషాలు. చాయ్ హోటల్ వాళ్ళు పెట్టుకున్నారు, ఆటో అడ్డా వాళ్ళు పెట్టుకున్నారు. నేను డ్యూటీకి పోతుంటే, మట్టిలో పెట్టి వచ్చిన మనిషి ప్రతి మూలమలుపులోనూ నన్ను పలకరించేవాడు. మొదటిరోజు నా చేతిలో టిఫిన్ డబ్బా జారిపోయింది. సిగ్గు లేకుండా చెప్తున్నా, భయంతోనే.

"నెల దినాల సంది చెప్తున్న, బంద్ చెయ్యమని," అన్నాను.

"బంద్ చేస్తే అమ్మ ఏమైతదో ఎర్కేనా? అది ఇనుకుంటనే బతుకుతుంది."

"బతుకుతుందా? షుగర్ అరవై రెండున్నది. పాత రికార్డింగులని చెప్పినవ్ గద ఆమెకు? మల్ల మొన్న సోమవారం బస్సు ముచ్చట పాత రికార్డింగుల ఎట్లొస్తది?"

ముఖీమ్ తల గోక్కున్నాడు. "గది సోంచాయించలే."

ఆలోచించలేదట! కిందటేడు ఈ మనిషే "గొంతు విని మోసపోకండి" అని ఒక వీడియో చేశాడు. మన పిల్లల గొంతుతో దొంగలు ఎట్లా ఫోన్లు చేస్తారో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చూపించాడు. దాన్ని అరవై వేల మంది చూశారు. చూడనిది మా ఇంట్లో వాళ్ళమే.

"అయినా ఎంత సాఫ్ చేసిన ఎర్కనా," అన్నాడు, అలాంటి సమయంలోనూ పనితనం చూపించుకోకుండా ఉండలేక. "బాపు బీడీ దగ్గు మొత్తం కోసేసిన. ఒక్క దగ్గన్న వినవడది. యాబై ఏండ్లోని లెక్క ఉంటది గొంతు."

నాకు ఒళ్ళు మండింది. ఆ దగ్గు సందు మలుపులో వినిపిస్తే చాలు, అత్తమ్మ చెయ్యి దానంతటదే కొంగు మీదికి పోయేది. కొంగు తల మీదికి లాక్కొని చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టేది. నేను ఈ ఇంటికొచ్చిన తొమ్మిదేళ్ళలో ఒక్కరోజు కూడా అది తప్పలేదు. ఆ దగ్గును ఈయన చెత్త ఊడ్చినట్టు ఊడ్చేశాడు.

"పోయి నిజం చెప్పు ఆమెకు," అన్నాను.

"నువ్వే చెప్పరాదు?"

"నేను చెప్త. నువ్వు నా పక్కన నిలబడు."

నిలబడలేదు. స్టూడియో గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

*

నేను పోయి మంచం పట్టె మీద కూర్చున్నాను. మా ఇంట్లో ఉర్దూ దువాల వరకే. కొట్లాడుకునేదీ ఏడ్చుకునేదీ తెలుగులోనే.

"అత్తమ్మా, నేనొక మాట చెప్త, కోపం చెయ్యకు. అది మామయ్య కాదు. మిషను. నీ కొడుకు రాస్తడు, మిషను చదువుతది."

ఆమె నన్ను చూసి నవ్వింది. రెండు రోజుల తర్వాత మొదటి నవ్వు.

"నాకెర్క లేదా బిడ్డా, మిషనని? సచ్చిపోయిన మనిషి నోరెట్ల తెరుస్తడు?"

నా ప్రాణం లేచి వచ్చింది. ఆ సంబరం ఒక్క నిమిషం కూడా నిలవలేదు.

"నలబై ఏండ్లు పీరు ఎత్తిండు మీ మామ," అంది. "పీరు మీదికొచ్చినప్పుడు నోరు ఆయనదే గని, మాట ఆయనది గాదు. నేను కండ్లార చూసిన. ఊరంత చూసింది. ఇప్పుడు నోరు మిషనుది, మాట ఆయనది. నా కొడుకు రాస్తుండు అంటవు. వాని చెయ్యి ఎవలు ఆడిపిస్తుండ్రో వానికెర్కనా? నువ్వు చదువుకున్నదానివి. నీకు గిది రాదు బిడ్డా."

గుమ్మంలో ముఖీమ్ తన కుడిచేతి వంక చూసుకుంటున్నాడు. చూసి చప్పున జేబులో పెట్టుకున్నాడు.

"మరి తినకుంట ఎందుకున్నవ్?" అని అడిగాను.

"అందరితోని మాట్లాడుతుండు. బస్సు గురించి చెప్తుండు, కరెంటు గురించి చెప్తుండు, ఓట్ల గురించి చెప్తుండు. నాతోని మాట్లాడుత లేడు." ఆమె ఫోన్‌ను దిండు మీద పెట్టింది. "గా మూడు దినాలు ఎట్లున్నడో గట్లనే ఉన్నడు. నాతోని మాట్లాడెదాక తిన."

*

పదకొండింటికి సుక్కమ్మ వచ్చింది. మా సొంతూరి మనిషి, అత్తమ్మకు అక్కచెల్లెలి కంటే ఎక్కువ. యాచారం నుంచి ఆటోలో వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా, డబ్బాలో మలీద. రొట్టెల పొడిలో బెల్లం, నెయ్యి వేసి ముద్దలు కట్టే ప్రసాదం అది. పీర్ల పండుగకే చేస్తారు. పండుగ ఇంకా ఎన్ని నెలలుందో!

"గిదేంది సుక్కమ్మత్తా, ఇప్పుడు మలీద?" అన్నాను.

"భాయ్ మాట్లాడుతుండట గద. ఒట్టి చేతులతోని ఎట్లొస్త?"

ఆమె వచ్చిన మనిషి వచ్చినట్టే దిండు దగ్గర ఫోన్ ముందు కూర్చుంది. ఊదుబత్తి ముట్టించి గ్లాసులో గుచ్చింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పొగ పోయి ఫోన్ అద్దం మీద ఆనుతోంది.

"భాయ్, మా భూమి ఇగ పోయినట్టేనా?" అని అడిగింది ఫోన్‌ని. "జర చెప్పు."

ఫోన్ పలకలేదు. సుక్కమ్మ అత్తమ్మ వైపు తిరిగింది.

"నీతోనన్న చెప్పిండా అక్కా?"

"నాతోని ఎందుకు చెప్తడు? ఆయన మాట గాదని ఏలుముద్ర ఏసినదాన్ని."

"నువ్వొక్కదానివే ఏసినవా? నిన్ను జూసే గద నేను ఏసిన. నూరుద్దీన్ భాయ్ ఇంటామెనే ఏసింది, ఇగ మనదేందని ఏసిన. నేను నిన్ను ఎన్నడన్న ఒక్క మాట అన్ననా?"

ఓదార్చడానికే అంది పాపం. ఆ మాట పోయి అత్తమ్మకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

ఏలుముద్ర సంగతి ఇదీ. అత్తమ్మకు పుట్టింటి వాటాగా వచ్చిన రెండెకరాలు మా సొంతూళ్ళోనే ఉన్నాయి. కంపెనీల కోసం ఆ దిక్కున భూములు అడుగుతున్నప్పుడు మామయ్య పీర్ల చావడి ముందు నిలబడి "ఎవ్వరూ ఏలుముద్ర ఏయకుండ్రి" అని ఊరందరికీ చెప్పాడు. ఇవ్వకపోయినా పోతుంది, ఇస్తే కొడుక్కి ఇంటి జాగా అయినా మిగులుతుంది అని ఎవరో అత్తమ్మ చెవిలో వేశారు. మామయ్యకు చెప్పకుండా భూసేకరణ క్యాంపుకి పోయి వేలు ఒత్తి వచ్చింది. ఆ క్యాంపు దగ్గర లైవ్ పెట్టింది ఎవరయ్యా అంటే మా యాంకర్ సాబే. జనాన్ని చూపిద్దామని కెమెరా తిప్పాడు. బల్ల మీదికి వంగిన తల్లి అందులో పడింది. ఈయన చూసుకోలేదు. హోటల్లో పది మంది మధ్య కూర్చున్న మామయ్య చూశాడు.

ఇంటికొచ్చి ఆమెను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మూడు రోజులు ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె పెట్టిన అన్నం తిన్నాడు, ఇచ్చిన చాయ్ తాగాడు. నాలుగో రోజు హోటల్ ముందు కూలిపోయాడు. దవాఖానలో గొంతులో గొట్టం వేశారు. చివరిసారి ఎవరైనా ఎవరినైనా విడిచిపోయేటప్పుడు "అన్నది విన్నది మాఫ్" అని ఒకరికొకరు చెప్పుకుంటాం మేము. గొట్టం ఉన్న నోరు ఆ మాట ఎట్లా చెప్తుంది? అత్తమ్మ మంచం పక్కన నిలబడి మూడుసార్లు మాఫ్ అడిగింది. ఆయన కళ్ళు తెరిచి చూశాడు గానీ, ఆ చూపులో ఏముందో ఆమెకూ తెలియలేదు, నాకూ తెలియలేదు.

నేను మళ్ళీ వేలు గుచ్చాను. ఈసారి ఆమె చెయ్యి చల్లగా, చెమటతో తడిగా ఉంది.

యాభై నాలుగు.

*

ముఖీమ్ అప్పటికే స్టూడియోలో కుర్చీలో కూర్చొని ఉన్నాడు.

"నాలుగు ముక్కలు రాస్త," అన్నాడు. "మాఫ్ చేసిన, తిను అని. అంతే. తింటది."

"అది ఆయన మాట గాదు. నీ మాట."

"అయితే ఏంది? నేను ఆయన కొడుకునే గద."

"ఇన్ని దినాలు బస్సు గురించి అబద్ధం చెప్పినవ్. ఇప్పుడు మాఫ్ గురించి చెప్తవా?"

"మరి నువ్వు చెప్పు!" ముఖీమ్ అరిచాడు. తొమ్మిదేళ్ళలో నా మీద అట్లా అరవలేదు. "నువ్వే చెప్పు నౌరీన్. ఆమెను గట్లనే పోనియ్యాల్నా? బాపును నేను చంపిన. నా వీడియో చంపింది. ఇప్పుడు అమ్మను కూడ పోనియ్యాల్నా?"

కోపంలో ఉన్నదాన్ని, ఆ మాటతో చల్లబడిపోయాను. ఈ డెబ్బై ఒక్క రోజులూ ఈయన తండ్రి గొంతును ఎందుకు పట్టుకొని వేలాడుతున్నాడో అప్పుడు అర్థమైంది. చందాదారుల కోసం కాదు. ఆ మనిషి బతికే ఉన్నట్టు తనకు తాను వినిపించుకుంటున్నాడు.

"చెయ్," అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. తర్వాత ఎవరి మీదికో నెట్టే ఉద్దేశం నాకు లేదు.

ముఖీమ్ రాయబోయి ఆగాడు. "బాపు అమ్మను ఏమని పిలిచేటోడు?"

నాకూ తెలియదు. పిల్లల ముందు, కోడలి ముందు ఆయన పెళ్ళాన్ని పేరుతో పిలవగా మేమెవరం వినలేదు. పాత మెసేజుల్లో ఎక్కడన్నా దొరుకుతుందేమోనని ముఖీమ్ తన ఫోన్లో తండ్రి చాట్ తెరిచాడు. వరసగా వాయిస్ మెసేజులు. విన్నవాటికి మైకు బొమ్మ నీలంగా ఉంది. అన్నిటికంటే కింద ఉన్నదానికి మాత్రం పచ్చగా ఉంది.

"గిదేంది?"

నేను అడుగుతూ ఫోన్ అందుకుంటే లాక్కోబోయాడు. నేను వదల్లేదు. ఒక నిమిషం పన్నెండు సెకన్లు. మామయ్య పడిపోయిన రోజు, పొద్దున పదకొండుంబావుకి వచ్చింది. ఆయన కూలిపోయింది పన్నెండింటికి.

"నువ్వు గిది ఇనలేదా?"

"లైవ్‌ల ఉన్న. తర్వాత ఇందామనుకున్న. గంతల్నే ఫోనొచ్చింది, పడిపోయిండని." ముఖీమ్ ఫోన్ వంక చూడలేదు. "మిషనుకు అన్నీ ఇచ్చిన. గిదొక్కటి ఇయ్యలే. నాకు ధైర్యం చాలలే నౌరీన్. మూడు దినాల కోపం మొత్తం అందులనే ఉంటది. నన్ను తిట్టిండో, అమ్మను తిట్టిండో."

"ఇప్పుడు విను."

"అందుల తిట్లుంటే? అమ్మకు పోయి ఏం చెప్త? యాబై నాలుగు అన్నవ్ గద?"

అవును, అన్నాను. ఆ అంకెతో వాదించే ఓపిక నాకు లేదు. ఫోన్ ఆయనకిచ్చేశాను. ఆయన నాలుగు ముక్కలు రాశాడు.

*

అత్తమ్మ ఫోన్ మోగింది. సుక్కమ్మే నొక్కి ఆమె చెవి దగ్గర పెట్టింది.

"ఇగో, నేను. నీ మీద నాకేం కోపం లేదు. అన్నది విన్నది మాఫ్. లేచి తిను."

సాఫీగా, తేటగా, యాభై ఏళ్ళ మనిషి గొంతు. సుక్కమ్మ రెండు చేతులూ జోడించింది. అత్తమ్మ ఇంకోసారి విన్నది. మూడోసారి విన్నది. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"లేపు బిడ్డా," అంది.

లేపి కూర్చోబెట్టాను. చక్కెర నీళ్ళు తాగింది. సుక్కమ్మ మలీద ముద్ద చిదిపి నోట్లో పెడితే చిన్నపిల్లలాగా తిన్నది. అరగంటకు మళ్ళీ చూశాను. తొంభై ఆరు. ఆ అంకెను నేను బిగ్గరగా చదివితే వంటింట్లోంచి ముఖీమ్ ఏడుపు వినిపించింది. సుక్కమ్మ "భాయ్ భాయే" అంటూ డబ్బా మూత పెట్టుకొని మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయింది. ఆ వార్త సాయంత్రానికి ఊరంతా తిరుగుతుందని తెలుసు. తిరగనీ అనుకున్నాను. బతికింది కదా, చాలు.

రెండింటికి అత్తమ్మ తనంతట తాను లేచి మొహం కడుక్కుంది. నమాజు చదువుకుంది. అన్నం పెడితే నాలుగు ముద్దలు తిన్నది. నేను గోలీల డబ్బా తెచ్చాను. ఆమె దాన్ని మెల్లగా, కోపం లేకుండా నా వైపే జరిపింది.

"ఇవి ఎందుకింక?"

"ఎందుకేంది అత్తమ్మా? రోజు ఏసుకునేటియే గద."

"మాఫ్ చేసిండు. నాకింక ఫికర్ లేదు." దిండు కింద నుంచి ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. దాని మీద అరచేయి ఆనించి, పక్కన కూర్చున్న మనిషితో చెప్పినట్టు చెప్పింది. "ఇగ ఒక్కటే. నేను ఎన్నడు రావాల్నో ఒక్క దినం చెప్పు. నువ్వు రమ్మన్న దినం దాక ఉంట. గా దినం తయారుగుంట."

గుమ్మంలో నిలబడ్డ ముఖీమ్ కూడా విన్నాడు.

ఆమె ఎదురు చూస్తోంది. తొందర లేదు. రేపు చెప్పినా సరే, ఎల్లుండి చెప్పినా సరే అన్నట్టు కూర్చుంది.

నేను స్టూడియోలోకి పోయాను. ముఖీమ్ వెనకే వచ్చాడు. కీబోర్డు ముందు కూర్చున్నాడు గానీ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

"ఏం రాయాలె నౌరీన్?" అన్నాడు. "ఏ తారీఖు రాయాలె?"

"పిచ్చి లేసిందా నీకు?"

"రాయకుంటే మల్ల తినుడు బంద్ చేస్తది. ఇంక ముప్పై ఏండ్లు ఉండు అని రాయాల్నా? నమ్ముతదా? ఏది రాసినా గదే పట్టుకొని కూసుంటది. నేనొక తారీఖు రాస్తె మా అమ్మ గా తారీఖుకు పోతది."

నేను ఇంక వినలేదు. బల్ల మీదున్న ఆయన ఫోన్ తీసుకున్నాను. ఈసారి లాక్కోలేదు. "నౌరీన్, వద్దు. అందుల ఏమున్నదో మనకెర్క లేదు" అని మాత్రం అన్నాడు.

"ఎర్క లేకనే పట్టుకపోతున్న. ఎర్కయి పట్టుకపోతే అది మల్ల మన మాటైతది."

*

అత్తమ్మ ముందు కింద కూర్చున్నాను. ఆమె ఫోన్ తీసి పక్కన పెట్టి, ముఖీమ్ ఫోన్ ఆమె చేతిలో ఉంచాను.

"అత్తమ్మా, పొద్దుగాల నువ్వు ఇన్నది నీ కొడుకు రాసింది. నేను రాయమన్న. నువ్వు సచ్చిపోతవని భయమై రాయమన్న. నన్ను తిట్టు, కొట్టు. గిది మాత్రం ఎవ్వరం రాయలే. మామయ్య పడిపోయిన దినం ఆయన నోటితోని చెప్పి నీ కొడుక్కు పంపిండు. ఇప్పటిదాక ఎవ్వలు ఇనలే."

ఆమె నమ్మలేదు. నా మొహం చూస్తే తెలుస్తోంది, నమ్మలేదని. పచ్చ మైకు వంక చూసింది.

"ఏముంది దీంట్ల?"

"నాకెర్క లేదు. మంచిదే ఉంటదని చెప్పలేను."

తర్వాత బొటనవేలు ఆనించింది. క్యాంపులో ఒత్తిన వేలే.

పచ్చ మైకు నీలమయింది.

ముందు గాలి చప్పుడు. ఒక ఆటో పోయిన చప్పుడు. హోటల్లో గ్లాసులు కడుగుతున్న చప్పుడు. ఆ తర్వాత దగ్గు. ఛాతీ లోపలి నుంచి గీరుకుంటూ వచ్చే బీడీ దగ్గు. ఒకటి, మళ్ళీ ఒకటి, కాస్త ఆగి ఇంకొకటి.

అత్తమ్మ చెయ్యి దానంతటదే లేచింది. ఇన్నాళ్ళుగా "బాపు మాట"కు ఒక్కసారి కూడా లేవని చెయ్యి. కొంగు తల మీదికి లాక్కుంది.

"గీయినె," అంది. "గీయినె మా ఆయన. పొద్దుగాలటిది గాదు."

ముఖీమ్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

ఫోన్లో మామయ్య గొంతు సవరించుకున్నాడు. ఆ గొంతు బొంగురుగా, అలిసిపోయి, డెబ్బై దగ్గర పడ్డ మనిషి గొంతులాగే ఉంది.

"ముఖీమ్. గీ ముచ్చట మీ అమ్మకు మాత్రం చెప్పకు బిడ్డా."

ఆపేద్దామని చెయ్యి చాపాను. అత్తమ్మ నా మణికట్టు పట్టుకుంది. నిన్నంతా తిండి లేని చేతికి అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు.

"ఆపకు," అంది.

ఇంకా యాభై సెకన్లు మిగిలి ఉన్నాయి.